రెండు స్టేషన్ల మధ్య రైలు ప్రమాదం జరిగితే, సహాయక రైలు వచ్చేలోపు ఊరివాళ్లు ఏమి చేయాలి?

ప్రశ్న | అడిగినవారు: చెరువుకట్ట

అందరికీ నమస్కారం. మా గ్రామానికి అర కిలోమీటరు దూరంలో రెండు లైన్ల రైలు మార్గం ఉంది. దానికి ఎగువన మా ఊరి చెరువు, దిగువన పొలాలు. వరదల సమయంలో పనిచేయడానికి పదిహేను మంది యువకులతో ఒక బృందాన్ని ఏర్పాటు చేసుకున్నాము. పడవ, తాళ్లు, టార్చిలైట్లు సమకూర్చుకున్నాము. అయితే మొన్నటి సమావేశంలో ఒక కుర్రవాడు, మన ఊరి పక్కనే రైలు పట్టాలు తప్పితే మనం ఏమి చేస్తామని అడిగినప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. రైల్వేవారు వచ్చేదాకా దూరంగా ఉండాలని కొందరు, పరుగెత్తుకు వెళ్లి పెట్టెల్లోంచి మనుషులను బయటికి లాగాలని కొందరు అన్నారు. రైల్వేకు సొంతంగా సహాయక రైళ్లు, వైద్య బృందాలు ఉంటాయని విన్నాను. అవి ఎంతసేపటికి వస్తాయి? అప్పటిదాకా మావంటివాళ్లు చేయవలసినదేమిటి, చేయకూడనిదేమిటి? ఈ పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 | పాత గార్డు

మీరు అడిగిన తీరు నచ్చింది. గార్డుగా చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, నాకు పాత పేరే నోటికి వస్తుంది.

ముందుగా మీ మొదటి ప్రశ్నకు. ప్రమాద వార్త రైల్వే కంట్రోల్ గదికి అందగానే సైరన్ మోగుతుంది. వైద్య సహాయక రైలు నిలిపి ఉంచే సైడింగుకు రెండు వైపులా దారి ఉంటే 15 నిమిషాల్లో, ఒకే వైపు దారి ఉంటే 20 నిమిషాల్లో అది బయలుదేరాలి. క్రేను, పట్టాలెక్కించే పరికరాలు ఉండే యాక్సిడెంట్ రిలీఫ్ ట్రైన్‌కు పగలైతే 30 నిమిషాలు, రాత్రయితే 45 నిమిషాలు గడువు. ఇవి బయలుదేరే గడువులు మాత్రమేనని గుర్తుంచుకోండి. చేరే సమయం దూరాన్ని బట్టీ, దారిలో అప్పటికే నిలిచిపోయిన రైళ్లను ఎంత త్వరగా పక్కకు తప్పించగలరన్నదాన్ని బట్టీ ఉంటుంది. కాబట్టి మొదటి గంటలో అక్కడ ఉండేది ప్రయాణికులు, ఇద్దరు ముగ్గురు రైలు సిబ్బంది, మీ ఊరివాళ్లు. అంతే.

ఇక అసలు విషయం. పట్టాలు తప్పిన రైలు దగ్గర సిబ్బంది మొదటి కర్తవ్యం గాయపడినవారిని చూడటం కాదంటే చాలామంది నొచ్చుకుంటారు. కానీ నిజం అదే. మొదటి పని పక్క లైనులో వచ్చే రైలును ఆపడం. లోకో పైలట్, అంటే డ్రైవరు, ఇంజను మీది ఫ్లాషర్ లైటు వేస్తాడు, వాకీటాకీలో, ఫోనులో సమాచారం ఇస్తాడు. ఆ తరువాత సిబ్బందిలో ఒకరు పక్క లైను వెంట ఎదురు నడిచి, బ్రాడ్‌గేజ్ అయితే 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు డిటొనేటర్లు పట్టా మీద అమర్చాలి. వాటి మీద చక్రం ఎక్కగానే పెద్ద శబ్దం వస్తుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఒడిశాలోని బహనాగా బజార్‌లో 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులో (స్టేషన్‌లో రైళ్లను నిలిపే పక్క లైనులో) నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నప్పుడు, ఎగిరిపడిన పెట్టెలు ఎదురు దిశలో వెళ్తున్న బెంగళూరు–హౌరా రైలు చివరి పెట్టెలకు తగిలాయి. అక్కడ ఎవరికీ కదిలే వ్యవధే లేకపోయింది. వ్యవధి దొరికిన చోట మాత్రం దాన్ని వృథా చేయకూడదు.

మీ బృందంలో బాగా పరుగెత్తగల ఇద్దరిని దీనికే కేటాయించండి. ఒకరు అటు, ఒకరు ఇటు, పట్టాల మధ్య కాకుండా పక్కన నడుస్తూ కనీసం కిలోమీటరుకు పైగా వెళ్లాలి. ఎర్ర గుడ్డ ఉంటే మంచిది. లేకపోతే చేతిలో ఏది ఉంటే దాన్ని జోరుగా ఊపినా, రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడినా డ్రైవరు దాన్ని ఆగమనే సంకేతంగానే తీసుకుంటాడు. రాత్రివేళ టార్చిని అలాగే ఊపండి. వేగంగా వచ్చే రైలు ఆగడానికి కిలోమీటరు వరకూ పట్టవచ్చు కనుక, ప్రమాద స్థలం పక్కనే నిలబడి చేతులు ఊపితే ప్రయోజనం ఉండదు.

రెండో సంగతి కరెంటు. పైనున్న తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి. తెగి పెట్టెల మీద పడిన తీగ చచ్చిన తీగ అని ఎవరూ అనుకోకూడదు. విద్యుత్తు ఆపేశామని రైల్వేవారు నిర్ధారించి చెప్పేదాకా పెట్టె పైకప్పు ఎక్కడం గానీ, తీగకు దగ్గరగా నిచ్చెన వేయడం గానీ వద్దు. పెట్టె లోపల ఉన్నవారిని తలుపుల నుంచి, ఎర్రరంగు గుర్తున్న అత్యవసర కిటికీల నుంచి దించవచ్చు. అయితే అంతకుముందు ఆ పెట్టెను ఏ తీగా తాకడం లేదని దూరం నుంచి చూసుకోండి.

మూడోది, చోటు చెప్పడం. "ఊరి చివర వేపచెట్టు దగ్గర" అంటే కంట్రోల్ గదిలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. పట్టాల పక్కనున్న కరెంటు స్తంభం మీద కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. ఆ రెండూ చెబితే చాలు, వందల కిలోమీటర్ల దూరాన ఉన్నవాడు కూడా మ్యాపు మీద వేలు పెట్టగలడు. రైల్వే హెల్ప్‌లైన్ నంబరు 139. అంతకంటే దగ్గర దారి లెవెల్ క్రాసింగ్ గేటు. గేట్‌మ్యాన్ దగ్గర నేరుగా స్టేషన్‌కు కలిసే ఫోను ఉంటుంది.

జవాబు 2 | అత్యవసర విభాగం

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడిని. గార్డు గారు చెప్పినదానికి వైద్యం వైపు నుంచి కొంత చేర్చుతాను.

పెద్ద ప్రమాదాల్లో దగ్గరి ఆసుపత్రికి మొదట చేరేది తక్కువ గాయాలైనవారు, ఎందుకంటే వాళ్లు నడవగలరు, ఆటో ఎక్కగలరు. తీవ్రంగా గాయపడినవారు వచ్చేసరికి మంచాలు, వైద్యులు, ఆపరేషన్ గది అన్నీ నిండిపోయి ఉంటాయి. అందుకే నడవగలిగినవారిని అక్కడే ఒక పక్కన, బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో కూర్చోబెట్టి నీళ్లిచ్చి, మొదటి వాహనాలను ఊపిరి కష్టంగా ఉన్నవారికీ, రక్తం ఆగనివారికీ వదలండి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టడం ఎవరైనా చేయగల పని. అది చేసిన మనిషి సగం డాక్టరే.

పెట్టెల్లోంచి మనుషులను లాగాలా వద్దా అనే మాట గురించి. పెట్టెలో మంట గానీ పొగ గానీ ఉంటే ఎలాగైనా బయటికి తీయవలసిందే, అక్కడ రెండో ఆలోచన లేదు. నెల్లూరులో 2012 జూలై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్ పెట్టెకు మంటలంటుకున్నప్పుడు నిద్రలో ఉన్నవారికి నిమిషాల వ్యవధి మాత్రమే దొరికింది. మంట లేకపోతే మెడ, వెన్ను కదలకుండా జాగ్రత్తగా దించాలి. ఇనుము కింద గంటలకొద్దీ కాలో తొడో నలిగిపోయి ఉన్న మనిషి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నలిగిన కండరంలో పేరుకున్న పొటాషియం వంటివి బరువు తీసిన వెంటనే ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి, అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి గుండె ఆగిపోవచ్చు. అటువంటివారికి బరువు ఎత్తకముందే సెలైన్ ఎక్కించాలి. ఆ మనిషి పక్కన ఒకరు కూర్చుని ధైర్యం చెబుతూ, వైద్య బృందం రాగానే "ఈయన ఇన్ని గంటల నుంచి ఇలా ఉన్నాడు" అని చెప్పగలిగితే, అదే గొప్ప సహాయం.

ఎవరూ పట్టించుకోని మరో పని ఉంది. వాహనం ఎక్కించే ముందు ప్రతి మనిషి ముంజేతి మీద పెన్నుతో పేరు, ఏ పెట్టెలోంచి తీశారు, ఏ ఆసుపత్రికి పంపుతున్నారు అనేవి రాయండి, ఒక నోటు పుస్తకంలోనూ ఎక్కించండి. రిజర్వేషన్ పెట్టెలకు జాబితా ఉంటుంది గానీ జనరల్ పెట్టెల్లోనివారు ఎవరో ఎవరికీ తెలియదు. బహనాగా బజార్ ప్రమాదం తరువాత భువనేశ్వర్‌లో భద్రపరిచిన మృతదేహాలలో 28 దేహాలను తమవారంటూ ఎవరూ తీసుకుపోలేదు. డీఎన్ఏ పరీక్షలన్నీ అయ్యాక, నాలుగు నెలలకు, అక్టోబరులో దహనం చేశారు. అదే ప్రమాదంలో బాలాసోర్ ఆసుపత్రి ముందు రాత్రంతా రక్తదానానికి యువకులు బారులు తీరిన సంగతి మీరు వినే ఉంటారు. రక్తానికి వచ్చినంతమంది కలం పట్టడానికి వస్తే బాగుండునని నాకు అప్పుడు అనిపించింది.

జవాబు 3 | ఒక చదువరి

ఇప్పుడు రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ వస్తోంది కదా, ఇక ఇంత సన్నద్ధత అవసరమంటారా?

జవాబు 4 | పట్టా మనిషి

అవసరమే. కవచ్ ఎర్ర సిగ్నల్ దాటిన రైలును ఆపుతుంది, ఢీకొనకుండా కాపాడుతుంది. వంతెన కింద మట్టి కొట్టుకుపోయిందని దానికి తెలియదు. నేను ట్రాకు నిర్వహణ విభాగంలో పనిచేశాను. ప్రశ్న అడిగినవారు "ఎగువన చెరువు" అన్న మాటను పై ఇద్దరూ దాటేశారు, నాకు మాత్రం అదే ముఖ్యమనిపించింది.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజరు రైలు పడిపోయింది. ఎగువన చెరువుకు గండి పడి, ఆ నీటి తాకిడికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో వచ్చిన డ్రైవరుకు పట్టా కనబడింది గానీ దాని కింద ఏమీ లేదని కనబడలేదు. వందమందికి పైగా చనిపోయారు. (ఇదే అక్టోబరు 29న, 2023లో, కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్లు ఢీకొన్నాయి. మా శాఖలో కొందరికి ఆ తేదీ అంటే ఇప్పటికీ గుబులు.) ఇప్పుడు 2024 సెప్టెంబరు 1ని దీని పక్కన పెట్టి చూడండి. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య వరదకు కంకర, కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టాకు జరిగిన నష్టం వలిగొండకు తక్కువేమీ కాదు, కానీ రైళ్లను ముందే ఆపారు కనుక ఆ గండిలో ఏ రైలూ పడలేదు. రెండింటికీ తేడా క్రేనులో లేదు, వైద్య రైలులో లేదు. నీళ్లు పట్టాను తాకేలోపు కబురు స్టేషన్‌కు చేరిందా లేదా అన్నదాంట్లోనే ఉంది.

రైల్వే హద్దు కంచె దగ్గర ఆగిపోతుంది. చెరువు నీటిపారుదల శాఖదో పంచాయతీదో అవుతుంది. రైలు మార్గానికి ముప్పు తేగల చెరువుల జాబితా ఒకటి మా దగ్గర ఉంటుంది, వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటి కట్టలను తనిఖీ చేస్తారు. మీ చెరువు ఆ జాబితాలో ఉందో లేదో మండల ఇంజినీరు ద్వారా అడిగి తెలుసుకోండి. చిన్న చెరువులు, కొత్తగా తవ్విన కుంటలు, ఎవరో పూడ్చేసిన అలుగులు కాగితాల్లోకి ఎక్కడానికి సమయం పడుతుంది.

వానాకాలం రాత్రుల్లో మా పెట్రోల్‌మ్యాన్ లాంతరు, డిటొనేటర్లు పట్టుకుని పట్టా వెంట నడుస్తాడు. ఆయన అనుకున్న వేళకు రాకపోతే స్టేషన్ మాస్టరు "ఏదో ఆలస్యమై ఉంటుంది" అని ఊరుకోడు. వెళ్లే రైళ్లకు కాషన్ ఆర్డరు ఇచ్చి వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు తగ్గిస్తాడు. అంటే కబురు రాకపోవడాన్నే చెడు కబురుగా లెక్కిస్తాము. ఈ పద్ధతిని మీ చెరువుకట్ట మీద కూడా పెట్టుకోండి. భారీ వర్షం రాత్రి కట్ట మీద ఇద్దరిని కాపలా ఉంచి, గంటకోసారి స్టేషన్‌కు ఫోను చేయించండి. ఫోను రాకపోతే అనుమానించమని స్టేషన్ మాస్టరుకు ముందే చెప్పి ఉంచండి. వంతెన స్తంభం మీద ప్రమాద మట్టం గుర్తు గీసి ఉంటుంది. నీళ్లు దానికి చేరువైనా, కట్ట ఒక వైపు నీళ్లు నిలిచి రెండో వైపుకు బురద నీరు ఊరుతున్నా, గండి కోసం ఎదురుచూడకుండా వెంటనే కబురు చేయండి.

ప్రశ్న అడిగినవారి మాట | చెరువుకట్ట

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులను నిన్న బృందంలో చదివి వినిపించాను. పరుగెత్తేవాళ్లు ఇద్దరు, పుస్తకం రాసేవాళ్లు ఇద్దరు, కట్ట కాపలాకు వంతులు అని నిర్ణయించాము. పట్టా మీదికి వెళ్లకుండా, రోడ్డు మీది నుంచి కనిపించే రెండు కరెంటు స్తంభాల అంకెలను పంచాయతీ గోడ మీద రాయించాము. ఒక్క చిక్కు మిగిలింది. మా ఊరి లెవెల్ క్రాసింగ్ గేటు మూడేళ్ల క్రితం మూసివేసి, కింద సొరంగ దారి వేశారు. గేట్‌మ్యాన్ లేడు, ఆయన ఫోనూ లేదు. సొరంగ దారి వానకు నిండితే ఊరు దాటి స్టేషన్‌కు వెళ్లే దారి కూడా ఉండదు.

జవాబు 5 | పాత గార్డు

గేటు తీసేయడం వల్ల ప్రమాదాలు తగ్గిన మాట వాస్తవం, దాన్ని నేను కాదనను. కానీ గేటుతో పాటు ఒక మనిషి, ఒక ఫోను, రాత్రంతా వెలిగే ఒక దీపం పోయాయన్నది ఎవరూ లెక్కలో రాయలేదు. ఇరువైపులా ఉన్న రెండు స్టేషన్ల మాస్టర్ల కార్యాలయ ఫోను నంబర్లను మీరు స్వయంగా వెళ్లి లిఖితపూర్వకంగా అడగండి, మీ బృందంలో ఇద్దరి నంబర్లను వారి దగ్గర రాయించండి. మాస్టర్లు బదిలీ అవుతుంటారు కనుక ప్రతి ఏడాదీ జూన్‌కు ముందు మళ్లీ వెళ్లి కలవాలి. రెండు స్టేషన్లనూ అడగమన్నది ఎందుకంటే, వరద ఒక వైపు తీగలు తెంపినా రెండో వైపు పలకవచ్చు.