అప్‌డేట్: ఆ 1952 టాప్స్ మాంటిల్ కార్డు నకిలీయే

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ బొమ్మతో టాప్స్ కంపెనీ వేసిన 311వ నంబరు సేకరణ కార్డు అసలుదేనా అని ఇంతకుముందు అడిగాను కదా, తేలిపోయింది. కొలిస్తే 2.5 × 3.5 అంగుళాలు, 1952 నాటిది 2⅝ × 3¾ ఉండాలి. కొలత ఒక్కటే చాలదు, అంచులు కత్తిరించిన అసలు కార్డూ చిన్నదవుతుంది. పదింతలు చూపే భూతద్దం కింద అసలు గుట్టు బయటపడింది: నల్లగీతలు నిండు సిరాతో ఉండాల్సింది, రంగుచుక్కలుగా విడిపోయాయి. అంటే స్కాన్ చేసి అచ్చేసింది. 1983లో టాప్స్ వేసిన రీప్రింట్ కూడా కాదు, దాని వెనక ఆ మాటే అచ్చై ఉంటుంది. యూవీ లైటు కింద కాగితం నీలితెలుపుగా మెరిసింది, 1952 నాటి కాగితం అలా మెరవదు.

కార్డు వెనక ఉన్న బంతి బొమ్మలో కుట్ల దిశ చూడమన్నవారికి: అసలు కార్డును అచ్చు షీటుపై రెండుచోట్ల వేశారు, ఆ రెండింటిలో కుట్ల దిశ వేరు, అందుకే కుట్లు ఎటున్నా అసలుదే కావచ్చు. దాంతో నకిలీ తేలదు.