పాత జీపు పికప్పు ముందువైపు రెండించులు దించాలి, ఎట్ట?

ఉలవపాడు తోట:
అన్నలందరికీ నమస్కారం. మా నాయన వాడిన పాత మహీంద్రా జీపు పికప్పు ఉంది, మామిడికాయలు తోటలోంచి హైవే దాకా దీంట్లోనే తోలేవాళ్ళం, ఐదారేళ్ళు షెడ్డులో పడుంటే ఇప్పుడు ఇంజన్ చేయించి మళ్ళా రోడ్డెక్కించా. సమస్య ఏందంటే ముందువైపు ఒంగోలు గిత్త మెడెత్తినట్టు లేచి ఉంది. నాయనకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కాలంటే డోరు పట్టుకుని వేలాడాల్సొస్తంది, చూళ్ళేకపోతన్నా. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు షెవర్లే సీ-10 పికప్పులకి లోయరింగ్ స్ప్రింగులు వేసి దించేస్తన్నారు, అట్టాంటివి మన బండికి దొరుకుతాయా? ఇక్కడ వెల్డింగ్ షాపాయన గ్యాసు పెట్టి కమాన్లు, అంటే బండి బరువు మోసే ఆ వంపు ఇనప పట్టీల కట్టలు, కాల్చి వంచేస్తా, గంట పని అంటన్నాడు. చేయించమంటారా?

ఒంగోలు కమాన్ కట్టలు:
తమ్ముడూ గ్యాసు మాత్రం పెట్టనీబాక. కమాన్ పట్టీ స్ప్రింగ్ స్టీలు, తయారుచేసేటప్పుడే ఎర్రగా కాల్చి ఆయిల్లో ముంచి మళ్ళా తక్కువ వేడిలో టెంపర్ చేస్తారు, నువ్వు మంట ఒకే చోట పెడితే ఆ టెంపరు, అంటే స్ప్రింగు గుణమంతా పోద్ది. ఆ చోట మెత్తబడి కూర్చుంటది, లేకపోతే పెళుసయ్యి విరుగుద్ది. మెయిన్ పట్టీ విరిగిందంటే యాక్సిల్ ఒక పక్కకి జరిగి బండి ఎటు లాగుద్దో చెప్పలేం, హైవే మీద అట్టాంటిది వద్దు.

సీ-10 సంగతి వేరే. దానికి 1963 మోడల్ నించి ముందు కాయిల్ (చుట్ట) స్ప్రింగులు, చక్రాన్ని పట్టుకునే ఏ ఆకారం చేతులు (ఏ ఆర్ములు), ఏ చక్రం ఆ చక్రమే ఆడుద్ది, అందుకే పొట్టి కాయిల్ పెడితే దిగుద్ది. మనది ఈ చక్రం నించి ఆ చక్రం దాకా ఒకటే యాక్సిలు, రెండు పక్కలా కమాన్ కట్టలు. ఆ స్ప్రింగులు దీనికి ఎక్కడా కూర్చోవు. మనకి దించాలంటే కట్ట విప్పి పట్టీలన్నిట్నీ చల్లగానే కొట్టి వంపు తగ్గించాలి, అన్నీ ఒకే లెక్కలో తగ్గాలి.

కానీ ముందు ఆ బండి ఎందుకు లేచిందో చూడు. జీపు కంపెనీ నించి అంత మెడెత్తుకుని రాదు. లోడు తోలిన బండి కదా, ఎవరన్నా ఎగస్ట్రా పట్టీ వేసుంటారు. చీమకుర్తి గ్రానైట్ లారీలు మా దగ్గరకొచ్చేది ఎక్కువ ఆ పనికే.

నెల్లూరు జీపు:
కమాన్లన్న చెప్పింది నిజం, నేను తప్పు చేసినోణ్ణే చెప్తన్నా. నాది ముందు ఎనిమిది పట్టీలుంటే దించుదామని కంపెనీ పట్టీలే రెండు పీకించా, దళసరి అన్నీ ఒకటే కాబట్టి గట్టిదనం పావు వంతు పోయింది, ఇంక ప్రతి గుంటకీ యాక్సిలొచ్చి రబ్బరు స్టాపుకి టప్పుమని కొట్టుకోవడం, బ్రేకేస్తే మూతి కిందకి పొయ్యేది. ఎత్తు మారితే స్టీరింగ్ రాడ్ల వాటం మారుద్ది, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగుండే వాటం) మారుద్ది, మన జీపుకి మూలమైన పాత విల్లీస్ జీపుకి క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలుండే కోణం) 3 డిగ్రీలు, కట్ట ముట్టుకున్నాక అది కూడా చూపిచ్చుకోవాల, నేను చూపిచ్చుకోలా. ఒక్క ఎండాకాలంలో ముందు టైర్లు రెండూ అంచుల్లో అరిగిపొయినాయి.

ఇంకోటి, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చగూడదని మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఎగస్ట్రా పట్టీ తీస్తే అసలు ఎత్తుకే వస్తావు కాబట్టి నీకా గొడవ ఉండదు.

కావలి అమ్మాయి:
అన్నా మా ఇంట్లో కూడా జీపే, నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నా. విప్పే ముందు రెండు పక్కలా చక్రం మధ్య నించి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోండి. జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, రాళ్ళు పేర్చడం అసలొద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. పట్టీలన్నిట్నీ మధ్యలో కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు ఊడదీసే ముందు కట్టకి రెండు పక్కలా సీ క్లాంపులు బిగించాలి, లేకపోతే పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, చెయ్యి పోద్ది. కట్టని యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు మళ్ళా వాడొద్దు, కొత్తవే, అవి బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరు బిగింపు, ఒక రెండొందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. మోకాళ్ళకైతే రెండించులు సరిపోవు, డోరు కింద ఒక ఫుట్‌స్టెప్పు, లోపల పట్టుకోడానికి ఒక హ్యాండిలు పెట్టించండి, మా నాన్నకి అదే పెట్టించాం.

ఉలవపాడు తోట:
పొద్దున కిందకి దూరి చూశా. రెండు పక్కలా ఒక్కో పట్టీ మిగతావాటి కంటే దళసరిగా ఉంది, తుప్పు కూడా వేరేగా ఉంది. నాయన్ని అడిగితే తోట దారిలో గుంటలకి ముందు కొట్టుకుంటందని ఎప్పుడో తనే వేయించాడంట, మర్చిపొయినాడు. తీసేస్తే మళ్ళా కొట్టుకోదా అన్నా?

ఒంగోలు కమాన్ కట్టలు:
అప్పుడు షాకబ్జార్బర్లు పొయ్యుంటాయి, పట్టీ వేసి సర్దేశారు. ఆ రెండు పట్టీలు తీసి, షాకులు కొత్తవి వేసి, షాకిల్ (కట్ట చివర ఛాసిస్‌కి వేలాడే లింకు) బుష్షులు, స్టాపు రబ్బర్లు చూసుకో, తీసిన పట్టీలు మాత్రం పారెయ్యబాక. ఆదివారం తీసుకురా, బండితో పాటు నాయన్ని కూడా తీసుకురా, ఫుట్‌స్టెప్పు ఆయన కాలెత్తుకి కొలిచి పెట్టిద్దాం.