ఒంటి సిలిండర్, ఒంటెద్దు బండి

పాలిటెక్నిక్ పిల్లల కోసం మోటార్‌సైకిల్ ఇంజను మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘సింగిల్ సిలిండర్’ అన్నచోటల్లా ‘ఏకసిలిండర్’ అని పెట్టాను. నిన్న హన్మకొండ నయీంనగర్‌లో ఒక మెకానిక్‌కు ఆ కాగితం చూపిస్తే నవ్వాడు. ‘‘ఏకశిల కోటలో ఉంది సార్. ఇది ఒంటి సిలిండర్’’ అంటూ, విప్పి ఉన్న ఒక చిన్న స్పోర్ట్స్ బండి పిస్టన్ తీసి నా అరచేతిలో పెట్టాడు. పూరీ అంత వెడల్పుంది. చేతికంటిన నూనె ఇంకా పోలేదు. ఏ మాట ఉంచమంటారు?

– మెకానిక్ మాటే ఉంచండి సార్. మన ఊరికే ఓరుగల్లు అనీ, ఏకశిలానగరం అనీ రెండు పేర్లున్నాయి. సంతలో పలికేది మాత్రం మొదటిదే. పైగా ‘ఒంటి’లో లెక్క ఒక్కటే లేదు, జత లేదన్న స్ఫురణ కూడా ఉంది. ఒంటికాలు, ఒంటిపూట బడి, ఒంటెద్దు బండి చూడండి. ఇంజను పనితీరు కూడా ఒంటెద్దుదే. పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం అన్న నాలుగింటిలో బండిని లాగేది పేలడం ఒక్కటే. అంటే క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్క తోపు. మిగతా మూడు పనులూ ఫ్లైవీల్ అనే బరువైన చక్రం దాచుకున్న ఊపుతో జరిగిపోతాయి. రెండు సిలిండర్లుంటే ఒకటి మిగతా పనుల్లో ఉన్నప్పుడు రెండోది లాగుతుంది. అవి జోడెద్దులు.

– అన్నా, మరి ‘ఒంటిగంట’కు జత ఏది?

– దొరికిపోయాను తమ్ముడూ. అక్కడ ఉత్త ‘ఒకటి’ అనే అర్థమే.

– మెకానిక్ పక్షమే నేనూ. కానీ ఒంటెద్దులన్నీ ఒక్క తీరుగా నడవవు. పాత బుల్లెట్ 350లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక (పైనుంచి కిందకు జరిగే దూరం) 90. కేటీఎం స్పోర్ట్స్ బండి ఆర్‌సీ 390లో తిరగబడింది: వెడల్పు 89, నడక 60. నడక తగ్గితే అన్నే చుట్లకు పిస్టన్ కదిలే దూరం తగ్గుతుంది, కాబట్టి చుట్లు పెంచుకోవచ్చు. వెడల్పు పెరిగితే గాలీ పొగా వచ్చిపోయే వాల్వులు పెద్దవి పెట్టడానికి చోటు దొరుకుతుంది. నిమిషానికి 9000 చుట్ల దగ్గర సెకనుకు 75 పేలుళ్లు; చెవికి అది ఒకటే అరుపు. బుల్లెట్ నిలబడి ఉన్నప్పుడు మాత్రం దెబ్బ దెబ్బకూ మధ్య ఖాళీ వినిపిస్తుంది. పాఠంలో ‘స్ట్రోక్’ను ‘నడక’ అని రాస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

– ‘ఒంటి’ అంటే ఒళ్ళు అనుకోరా? ఒంటి నొప్పులు అంటాం కదా.

– అది ‘ఒళ్ళు’ నుంచి వచ్చిన ‘ఒంటి’, ఇది ‘ఒండు’ నుంచి వచ్చినది. పాత ఒంటి సిలిండర్ బండి మీద హన్మకొండ నుంచి ములుగు దాకా వెళ్ళి రండి, రెండు అర్థాలూ కలిసే తెలుస్తాయి. కొత్త వాటిలో అదురు తగ్గించడానికి బ్యాలన్సర్ షాఫ్ట్ పెడుతున్నారు లెండి.

అందరికీ ధన్యవాదాలు. ‘ఒంటి సిలిండర్’, ‘నడక’ ఖాయం చేశాను. ‘బోరు’ దగ్గర మళ్ళీ ఆగాను. ‘ఇంజను బోరుకు వచ్చింది’ (సిలిండర్ అరిగి, మళ్ళీ తొలిపించాల్సి వచ్చింది) అన్న వాక్యం ఇంట్లో పైకి చదివితే, వంటింట్లోంచి మా అమ్మ ‘‘ఎన్ని అడుగులకు పడ్డాయిరా నీళ్ళు?’’ అని అడిగింది.