రెండు నెట్ లైన్లున్న సర్వర్: బయటి నుంచి మెయిల్ పోర్టులు కనెక్ట్ కావట్లేదు

కృష్ణలంక_అడ్మిన్:
నమస్తే అందరికీ. మా ఆఫీసులో ఉబుంటు సర్వర్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (మెయిల్ చదవడానికి ఇచ్చేది) నడుస్తున్నాయి, ఆఫీసు లాన్‌కి (లోపలి నెట్‌వర్క్‌కి) గేట్‌వే, అంటే బయటి నెట్‌కి దారి కూడా అదే మెషిన్. ఈ మధ్య రెండో నెట్ లైన్ తీసుకుని, మెయిల్ సర్వర్ పేరుని కొత్త ఐపీకి తిప్పాం. ఐపీలు మార్చి రాస్తున్నా: ఈటీహెచ్0 (మొదటి నెట్‌వర్క్ కార్డు) మీద పాత లైన్ 203.0.113.10, డిఫాల్ట్ గేట్‌వే ఇప్పటికీ ఇటే. ఈటీహెచ్1 మీద కొత్తది 198.51.100.20. ఈటీహెచ్2 లాన్, 192.168.1.1. లాన్ నుంచి 25 (మెయిల్ వచ్చే పోర్టు), 993 (మెయిల్ చదివే పోర్టు) రెండూ బాగానే పలుకుతున్నాయి, ఫోన్ డేటా మీద నుంచి కొడితే మాత్రం కాసేపు తిరిగి టైమౌట్. పైగా జీమెయిల్‌కి పంపినవన్నీ 550 5.7.25 అని వెనక్కొస్తున్నాయి, పీటీఆర్ (ఐపీ నుంచి పేరు చెప్పే డీఎన్ఎస్ రికార్డు) సరిగా లేదంట, కొత్త ఐపీకి పీటీఆర్ పెట్టించాం కదా! నెలాఖరు, బిల్లులు వెళ్లక అకౌంట్స్ వాళ్లు నా కుర్చీ పక్కనుంచి కదలట్లేదు.

జీరో_డౌన్‌టైమ్:
ఫైర్‌వాల్ ఒక్కసారి ఆపి చూడండి బ్రో.

దారినపోయే_ప్యాకెట్:
గేట్‌వే మెషిన్ మీద ఫైర్‌వాల్ ఆపడమేంటండీ బాబూ, నాట్ రూల్స్ (లాన్ సిస్టమ్స్‌ని సర్వర్ ఐపీ మీద బయటికి పంపేవి) కూడా పోతే ఆఫీసు మొత్తానికి నెట్ ఉండదు. టైమౌట్ అంటున్నారు, రిఫ్యూజ్డ్ అనట్లేదు. పోస్ట్‌ఫిక్స్ ఆ ఐపీ మీద వినకపోతే మామూలుగా రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తుంది. టైమౌట్ అంటే ప్యాకెట్ రావడంలోనో, జవాబు పోవడంలోనో ఎక్కడో మాయమవుతోంది. ఈటీహెచ్0, ఈటీహెచ్1 రెండింటి మీదా టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి, ఫోన్ నుంచి 993 కొట్టి, ఏం కనిపించిందో చెప్పండి.

కృష్ణలంక_అడ్మిన్:
పెట్టాను. ఈటీహెచ్1 మీద సిన్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) వస్తోంది, మళ్లీ మళ్లీ వస్తోంది. దానికి జవాబుగా వెళ్లే సిన్-ఆక్ మాత్రం ఈటీహెచ్0 మీద పోతోంది, సోర్స్ 198.51.100.20 అనే చూపిస్తోంది. ఇదేంటి, వచ్చిన దారినే పోదా?

దారినపోయే_ప్యాకెట్:
పోదు. లినక్స్ కెర్నెల్ మామూలుగా జవాబు ఎటు పంపాలో గమ్యం ఐపీని బట్టే చూస్తుంది, వచ్చిన కార్డుతో దానికి పనిలేదు. డిఫాల్ట్ గేట్‌వే పాత లైన్ కాబట్టి అటే తోసేస్తోంది, అక్కడ ప్రొవైడర్ ‘ఈ సోర్స్ ఐపీ నాది కాదే’ అని పారేస్తున్నట్టుంది. దీనికి మందు పాలసీ రూటింగ్, అంటే సోర్స్ ఐపీని బట్టి కూడా దారి ఎంచుకోమనడం. 100 నంబరుతో వేరే రూటింగ్ టేబుల్ (దారుల పట్టిక) పెట్టి, అందులో కొత్త లైన్ గేట్‌వేని ఈటీహెచ్1 మీదుగా డిఫాల్ట్‌గా ఇవ్వండి. తర్వాత ఐపీ రూల్‌తో ‘ఫ్రమ్ 198.51.100.20 అయితే టేబుల్ 100 చూడు’ అని చెప్పండి.

జీమెయిల్ గొడవ వేరు, కానీ మూలం మాత్రం ఇదే. మెయిల్ బయటికి పంపేటప్పుడు పోస్ట్‌ఫిక్స్‌కి సోర్స్ ఐపీ చెప్పకపోతే కెర్నెల్ తనే ఎంచుకుంటుంది, ఐపీ రూట్ గెట్ 8.8.8.8 కొట్టి చూడండి, 203.0.113.10 అని వస్తుంది. ఆ పాత ఐపీ పీటీఆర్ ఇంకా మీ మెయిల్ సర్వర్ పేరే చెబుతుంటుంది, ఆ పేరేమో ఇప్పుడు కొత్త ఐపీకి పోతోంది, రెండూ కలవక జీమెయిల్ తిప్పికొడుతోంది. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్ ఫైల్ మెయిన్.సీఎఫ్‌లో ఎస్ఎంటీపీ_బైండ్_అడ్రస్ 198.51.100.20 అని పెట్టండి, కానీ రూల్ పెట్టాకే. ముందే పెడితే పోయే మెయిల్ కూడా టైమౌటే.

జీరో_డౌన్‌టైమ్:
ఇనెట్_ఇంటర్‌ఫేసెస్‌లో (పోస్ట్‌ఫిక్స్ ఏ ఐపీల మీద వినాలో చెప్పే సెట్టింగ్‌లో) ఆ ఒక్క ఐపీ ఇస్తే సరిపోదా? అప్పుడు పోయే మెయిల్ కూడా దాని మీదే పోతుందిగా.

దారినపోయే_ప్యాకెట్:
పోతుంది, నిజమే. కానీ లాన్ ఐపీ మీదా 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే సర్వర్ తనకు తానే) మీదా వినడం మానేస్తుంది, సర్వర్‌లోనే లోకల్‌హోస్ట్‌కి మెయిల్ ఇచ్చే స్క్రిప్టులుంటే అవన్నీ పడతాయి. అది మారిస్తే రీలోడ్ చాలదు, పోస్ట్‌ఫిక్స్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

కృష్ణలంక_అడ్మిన్:
అన్నా, బయటి నుంచి 993 వెంటనే పలికింది, జీమెయిల్‌కి టెస్ట్ మెయిల్ వెళ్లింది. కానీ ఇప్పుడు ఆఫీసు సిస్టమ్స్‌లో అవుట్‌లుక్ కనెక్ట్ కావట్లేదు! నిన్నటిదాకా లోపల బాగుంది, బయట లేదు; ఇప్పుడు తిరగబడింది.

దారినపోయే_ప్యాకెట్:
అవుట్‌లుక్‌లో సర్వర్ పేరు 198.51.100.20కి వెళ్తోంది కాబట్టి జవాబు కూడా ఆ ఐపీ నుంచే వస్తుంది, అది కొత్త రూల్‌కి దొరికి, లాన్‌కి పోవాల్సింది కాస్తా ఈటీహెచ్1 మీద బయటికి పోతోంది. దానికంటే ముందుండేలా, అంటే తక్కువ ప్రయారిటీ నంబరుతో, ‘టు 192.168.1.0/24 అయితే మెయిన్ టేబుల్’ అని ఇంకో రూల్ పెట్టండి.

అమావిస్ లాంటి స్పామ్, వైరస్ ఫిల్టర్ ఉంటే మాస్టర్.సీఎఫ్‌లో దాని ట్రాన్స్‌పోర్ట్‌కి మాత్రం బైండ్ అడ్రస్ 127.0.0.1 అని విడిగా ఇవ్వండి, లేకపోతే ‘ఎవరో బయటివాడు’ అనుకుని తలుపు తీయకపోవచ్చు.

కృష్ణలంక_అడ్మిన్:
రూల్ పెట్టాను, అవుట్‌లుక్ లేచింది. అమావిస్ లేదు మాకు. అకౌంట్స్ వాళ్లు వెళ్లిపోయారు.

దారినపోయే_ప్యాకెట్:
కమాండ్‌తో పెట్టినవి రీబూట్ అయితే ఎగిరిపోతాయి, ఇవాళే ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో రౌటింగ్-పాలసీ కింద ఎక్కించండి. ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ డొమైన్ మెయిల్ ఏ ఐపీల నుంచి రావచ్చో చెప్పేదానిలో) కొత్త ఐపీ ఉందో లేదో కూడా చూసుకోండి.