అప్‌డేట్: ట్రస్సుల ప్లేట్లు ఎందుకు లేచాయో తెలిసింది

రెండు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? జీడిమెట్లలో మాది చిన్న చెక్క ట్రస్సుల (ఇంటి కప్పును మోసే చట్రాల) షెడ్డు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కి పంపిన ట్రస్సుల్లో, జాయింట్ల దగ్గర చెక్కలోకి నొక్కిన, మేకుల్లాంటి పళ్లున్న లోహపు ప్లేట్లు పైకి లేస్తున్నాయి, వాటిని నొక్కే ప్రెస్సు మార్చాలా అని.

ప్రెస్సు తప్పు కాదు. మీలో ఒకరు చెప్పినట్టు తేమ మీటరు కొన్నాను. అడితి నుంచి కొత్తగా దిగిన పైన్‌లో గుచ్చితే 26 శాతం చూపించింది! ట్రస్సులకు సాధారణంగా 19 దాటకూడదు. పచ్చి కలప ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, ప్లేటు పళ్లు బయటికి జరుగుతాయి. సైటుకి వెళ్లి తడిమి చూస్తే ప్లేటుకీ చెక్కకీ మధ్య గోరు దూరింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కప్పు కింద మనుషులుంటారు కదా.

ఓనరు గారికి నిజం చెప్పేశాను. అదృష్టం, పెంకులు ఇంకా ఎక్కించలేదు. పదకొండు ట్రస్సులూ వెనక్కి తెచ్చి, ఆరిన కలపతో కొత్తవి చేసిచ్చాం. పాతవాటినే మళ్లీ నొక్కి పంపుదామని మా మేస్త్రి అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఒకసారి పళ్లు కదిలిన చోట చెక్కకు పట్టు ఉండదు. నష్టం బాగానే తగిలింది.

ఇప్పుడు మీటరు పెట్టి చూశాకే లోడు దింపుకుంటున్నాం. ఆ మీటరు సంగతి చెప్పిన అన్నకి చాలా థాంక్స్.