ఇన్సులిన్ సూది పేషెంట్‌కి నేర్పడం నర్సు పనా, పని తప్పించుకోవడమా?

కోవూరు రైతుబిడ్డ:
మా విలేజ్ క్లినిక్ సిస్టర్ షుగర్ వాళ్లందరికీ సూది మీరే వేసుకోండి, పాదాలు మీరే చూసుకోండి, బీపీ మీరే రాసి పెట్టుకోండి అంటున్నారు. మా నాయనకు 68 ఏళ్లు, చదువు రాదు. ఇదంతా ఆయన నెత్తిన పెట్టడం న్యాయమా? నెలనెలా చూసి మందులివ్వాల్సినవాళ్లు పని తగ్గించుకుంటున్నట్టుంది. మీరేమంటారు?

సింగరాయకొండ సిస్టర్:
తమ్ముడూ, నేను కూడా ఎంఎల్‌హెచ్‌పీనే, అంటే మీ సిస్టర్‌లాగే విలేజ్ క్లినిక్ నర్సునే. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి పెట్టినప్పుడు డాక్టరుగారు 104 బండిలో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చేలా పెట్టారు. మిగతా రోజులు? అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ 70 కంటే కిందికి పడిపోతే ఆ ఇంట్లో ఉండేది మీ నాయన, మీ అమ్మ. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలని వాళ్లకు తెలియకపోతే నేను పొద్దున వచ్చి ఏం ప్రయోజనం?

ఒక పెద్దాయనకు డోసు పెంచుతూ పోయినా షుగర్ దిగలేదు. ఇంటికెళ్లి చొక్కా ఎత్తమన్నాను. రోజూ బొడ్డు పక్కన ఒకే చోట పొడుచుకుంటున్నాడు. వేళ్లతో తడిమితే చర్మం కింద ఉసిరికాయంత గడ్డ. గడ్డలో వేసిన మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మంచి చోట అదే డోసు వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి, ముందు డాక్టరుగారితో మాట్లాడి డోసు తగ్గించి, ఆ తర్వాతే చోటు మార్పించాం. పొట్టను నాలుగు భాగాలు చేసి చూపించా. వారానికి ఒక భాగం, సూదికీ సూదికీ మధ్య ఒక వేలి వెడల్పు ఎడం. ఆయనకూ చదువు రాదు. ఇప్పుడు తప్పు లేకుండా చేసుకుంటున్నాడు.

బుచ్చి మెడికల్స్:
సిస్టర్ గారూ, నేర్పడం మంచిదే. కానీ సగం నేర్పితే ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ ఉంటాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 100 సీసా మందును ఎర్రమూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది. సిరంజి కొనడానికి పక్కింటి పిల్లాణ్ణి పంపితే, ఏదో ఒకటిచ్చి పంపే షాపులూ ఉన్నాయి. ఈ సంగతి ఎంతమంది చెబుతున్నారు?

అల్లూరు అమ్మాయి:
మా అమ్మకు బీపీ మిషన్ కొనిచ్చాం. రోజుకు ఆరుసార్లు చూసుకుని, అంకె పెరిగిందని టెన్షన్, ఆ టెన్షన్‌కు బీపీ ఇంకా పెరగడం. ఎప్పుడు చూసుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో ఎవరూ చెప్పలేదు. మా సిస్టర్‌కు యాప్‌లో ఎంట్రీలతోనే పొద్దుపోతుంది పాపం.

సింగరాయకొండ సిస్టర్:
అమ్మాయ్, ఆ ఎంట్రీల మాట నూటికి నూరుపాళ్లు నిజం. అమ్మను ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి పొద్దున, సాయంత్రం చూడు. రోజుకు అంతే. మెడికల్స్ అన్నా, మూత రంగు నేను కూడా చెబుతాను, కానీ అందరం చెబుతున్నామని అనలేను.

కోవూరు రైతుబిడ్డ:
సూది విషయం ఒప్పుకుంటున్నా అక్కా. కానీ ఒకసారి నేర్పి వదిలేస్తే ఒప్పుకోను. నాయన చేత్తో వేసుకుంటుంటే సిస్టర్ కళ్లారా చూసి, తర్వాత కూడా ఇంటికొచ్చి పొట్ట, పాదాలు తడిమి చూడాలి. నాయన చెప్పులు లేకుండానే మళ్లో దిగుతాడు. మడమ పగిలినా నొప్పి తెలియట్లేదంటున్నాడు.

సింగరాయకొండ సిస్టర్:
నొప్పి తెలియట్లేదంటే ఆగొద్దు తమ్ముడూ. 104 బండి కోసం కూడా చూడకు. రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్లు. ఆయన వాడే సీసా, సిరంజి రెండూ సంచిలో వేసుకుని వెళ్లు.