ఎలపట అంటే ఎడమ కాదు

నిన్న ఇక్కడ ఒకరు ‘ఎలపట ఎద్దు’ అంటే ఎడమ పక్క ఎద్దు అని రాశారు. మొదట్లో ఎకారం ఉంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ అరక (ఎద్దుల జతతో లాగించే నాగలి) కట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి, ఈ మాట దగ్గర ఊరుకోలేను. ఎలపట అంటే కుడి. ఎడమ పక్కది దాపట. మేడి, అంటే నాగలి పిడి, పట్టుకుని వెనక నిలబడ్డ మనిషికి కుడి ఎడమలు ఎటో, ఎద్దులకూ అటే.

అసలు రూపాలు వలపల, వలపట. ‘వల’ అంటే కుడి. తమిళంలో వలదు, కన్నడంలో బల అన్నవి దీని చుట్టాలే. వెన్నెల ఎన్నెల అయినట్టే రైతుల నోట వకారం జారి ఎలపట అయింది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ వలపల అంటే కుడిపక్క అనే ఉంది.

ఈ తేడా తారుమారైతే పొలంలో పని సాగదు. గిత్తను కాడికి అలవాటు చేసేటప్పుడు ఏ పక్క కడతారో సాధారణంగా చివరిదాకా ఆ పక్కే. మా దాపట గిత్త చనిపోయిన ఏడు తాతగారు సంతలో వయసు తెలుసుకోవడానికి ఎద్దు పళ్ళు చూడకముందే, ధర అడగకముందే ‘ఎలపటా, దాపటా?’ అని అడిగేవారు. ఒకాయన ‘ఏ పక్కయినా లాగుతుంది’ అని నమ్మబలికి అమ్మాడు. మర్నాడు దాపట కట్టాం. అది మెడ పక్కకు తిప్పి, జత ఎద్దును నెట్టుకుంటూ అవతలి వైపుకే పోబోయింది. కాడి ఒక పక్కకు ఒరిగింది, నాగలి చాలు పాములా వంకర తిరిగింది. ములుగర్ర ఎత్తబోయిన నన్ను ఆపి తాతగారు పలుపు విప్పారు. దాని గంగడోలు నిమురుతూ ‘దీని తప్పేముందిరా, దీనికి ఆ పక్క తెలియదు’ అన్నారు.

పొలం సంగతి పక్కన పెట్టినా, ఈ మాట మన లిపిలోనే ఉంది. పాత అచ్చు పుస్తకాల్లో ధర్మము అన్న మాటను ‘ధమ౯ము’ అని వేసేవారు. మకారం తరువాత తొమ్మిది అంకెలా కనిపించే ఆ గుర్తు పేరు వలపలగిలక. పలకడంలో రేఫ, అంటే ‘ర్’ ధ్వని, ముందు వస్తుంది, రాయడంలో అక్షరానికి కుడిపక్కన నిలుస్తుంది. అందుకే వలపల గిలక! బడిలో ఈ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది వ్యాకరణం కాదు, కాడికి కుడివైపున నడిచే మా ఎర్ర గిత్త.

నాగలి, గొర్రు, గుంటక అటకెక్కిన ఇళ్ళలో కూడా ఈ జంట మాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ వైపు వలపట అనే అంటారా, ఎలపట అంటారా, మరో రూపం ఉందా? నిఘంటువు చూసి కాదు, అరక దున్నినవారిని అడిగి రాయండి.